పార పట్టిన సిపాయి

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ అని బ్యానర్లు వేలాడుతున్న రోజులవి. డిగ్రీ అవగానే నేను ఏలూరు నుంచి కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, ఎర్రమంజిల్ వైపు సందులో ఒక ఇంటి మేడమీద గదిలో దిగాను. కింద ఇల్లుగలావిడ ఒక్కరే ఉండేవారు. సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను ఆంటీ అనేదాన్ని. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, తక్కువ మాట, గట్టి మనిషి.

నాకప్పుడు ఇంటర్నెట్ పిచ్చి. క్లాసు అవగానే పంజాగుట్ట రోడ్డులో ఉన్న నెట్ సెంటర్‌కి పరిగెత్తేదాన్ని. అందులో దొరకనిదంటూ లేదని ఆంటీకి గొప్పలు చెప్తుంటే, ఓ సాయంత్రం ఆవిడ పాలు కాస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"చచ్చిపోయినవాళ్ళు కూడా దొరుకుతారా?"

అలా మొదటిసారి వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే ఆయన పటాలంలో చేరి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిపోయాడట. ఆయనది పయనీర్ కంపెనీ. తుపాకీ కంటే పార ఎక్కువ పట్టుకున్న పటాలం. ముందు వెళ్ళే సైన్యానికి రోడ్లు వెయ్యడం, కూలిన వంతెనలు నిలబెట్టడం, ఓడల్లోంచి మందుగుండు పెట్టెలు దించి మొయ్యడం వాళ్ళ పని. ఒక వంతెన దగ్గర పెట్టెలు దించుతుంటే ఫిరంగి గుండు వచ్చి పడిందని, యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన పక్కూరి ఆయన చెప్పాడట. ఏ దేశమో ఆయనా సరిగ్గా చెప్పలేకపోయాడు.

పెళ్ళయ్యాక అత్తగారింట్లో ఎవరో "సిపాయేంటి, పటాలంలో కూలీ అని చెప్పు" అని నవ్వారట. ఆ తరవాత ఆవిడ నాన్న మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పటాలంలో ఆయనకిచ్చిన నంబరు మాత్రం ఆంటీకి నోటికి వచ్చు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పింఛను కోసం పోస్టాఫీసులో ఆ నంబరు చెప్తుంటే, పక్కన నిలబడి వినీ వినీ పాటలా వచ్చేసిందట.

మర్నాడే మొదలుపెట్టాను. ఆయన పేరు దొరలు ఎలా రాసుకున్నారో తెలీదు కాబట్టి, ఒక అక్షరం తీసి, ఒకటి కలిపి, రకరకాలుగా కొట్టి చూశాను. ఆ యుద్ధంలో పోయినవాళ్ళ సమాధుల వివరాలుండే సైటు ఒకటి తగిలింది. అందులో అదే పేరుతో చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరి నంబరూ చూసుకుంటూ పోతుంటే ఒక చోట నా వేలు ఆగిపోయింది. అదే నంబరు. పయనీర్ కోర్. ఇటలీలో ఒక చిన్న ఊరు.

బస్సు కోసం ఆగలేదు. చున్నీ భుజం మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా ఇంటిదాకా పరిగెత్తి, వంటింటి గుమ్మంలో రొప్పుతూ చెప్పాను. ఆంటీ స్టవ్ ఆపి స్టూలు మీద కూర్చున్నారు.

"ఇటలీయా," అన్నారు. "మా అమ్మ ఈజిప్టు అనుకుంటూనే పోయింది."

సైటులో సమాధి ఫోటో లేదు. ఆవిడకి చూడాలని ఉంది, నాకు చూపించాలని అంతకంటే ఎక్కువ ఉంది. ఆ ఊళ్ళో బడికి ఈమెయిల్ చిరునామా ఉంటే, నాకొచ్చిన ఇంగ్లీషులో సంగతంతా రాసి పంపాను. ఇక రోజూ ఎదురుచూపే. నేను గేటు తియ్యగానే ఆంటీ ఏమీ అడక్కుండా కనుబొమలు ఎగరేసేవారు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. చివరికి ఒక టీచరమ్మ జవాబు రాసింది. ఆ సమాధులు మా బడికి దగ్గరే, నేనే వెళ్ళి ఫోటో తీశాను, పంపుతున్నాను అని.

నేను ఆ ఫోటో తెరవలేదు. ఆంటీని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, చర్చికి వచ్చినట్టు వచ్చారు. సెంటర్ నిండా రెజ్యూమెలు పంపుకునే పిల్లలే. సెంటరంతటికీ ఉన్న ఒక్క నెట్ లైను నత్తలా నడుస్తోంది, ఫోటో ఎంతకీ రాదు. సంగతేంటని ఓనరన్న అడిగితే చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"అందరు జర ఆగున్రి. ఎవ్వరు ఏం ఓపెన్ చేయకున్రి. గీ అమ్మ వాళ్ళ నాయిన ఫోటో వస్తున్నది."

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. అందరూ మా వెనక చేరారు. తెర మీద ముందు నీలం గీత, ఇంకో గీత, అది ఆకాశం. తరవాత తెల్లరాయి వంపు, దాని మీద చెక్కిన శిలువ. కింద ఒక్కో వరసా దిగుతోంది. నంబరు వచ్చింది. ఆంటీ పైకి చదివారు. పేరు వచ్చింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఆవిడ దాన్ని లెక్కచెయ్యలేదు, తెర మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచారు.

తరవాత వేలు పక్కకి జరిపి, పక్కనే కనిపిస్తున్న ఇంకో రాయి ఎవరిదని అడిగారు. చదివి చెప్పాను, ఎవరో కెప్టెన్ అని.

"కెప్టెనా? ఆయనకీ ఇంతే రాయా?"

"ఇంతే ఆంటీ. అందరికీ ఒకటే."

ఆవిడ నవ్వారు. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నారు. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెడితే సెంటరంతా అందుకుంది.

మరుసటి ఏడు చర్చివాళ్ళతో కలిసి రోము యాత్రకి బయల్దేరారు ఆంటీ. టీచరమ్మ రోముకి వచ్చి, ఆవిణ్ణి రైల్లో తన ఊరికి తీసుకెళ్ళింది. నాకప్పటికి పంజాగుట్టలోనే ఉద్యోగం వచ్చింది. ఆంటీ అక్కణ్ణించే నా ఆఫీసు ఫోన్‌కి చేశారు. ఆ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ముట్టుకున్నానమ్మా, ఎండకి వెచ్చగా ఉంది అన్నారు. అదే వరసలో మన తెలుగువాళ్ళు ఇంకో ఇద్దరున్నారట, వాళ్ళవీ పయనీర్ కంపెనీలే. వాళ్ళ కోసం ఎవరూ రాలేదని టీచరమ్మ చెప్పిందట. తెచ్చిన పూలు మూడు భాగాలు చేసి పెట్టానన్నారు.

తిరిగొచ్చాక ఆవిడకి నాకంటే పిచ్చి ముదిరింది. శనివారం వస్తే చాలు, నన్ను లాక్కుని నెట్ సెంటర్‌కి వెళ్ళేవారు. సైటులో ఆ ఇద్దరిలో ఒకాయన ఊరి పేరు కూడా దొరికింది. బాపట్ల దగ్గర పల్లె. అక్కడి పాస్టరుగారికి కబురు పెడితే, ఆయన కుటుంబాన్ని వెతికి, పక్కింటి ఫోన్ నంబరు పంపారు. ఆంటీ ఎస్టీడీ బూత్‌లో నిలబడి నంబరు తిప్పారు. నేను అద్దం తలుపుకి చెవి ఆనించాను. అవతల వాళ్ళు ఆ ఇంటి కుర్రాణ్ణి పిలుచుకొచ్చారు. ఆవిడ ఒకసారి గొంతు సవరించుకున్నారు.

"బాబూ, నువ్వు నన్నెరగవు. మీ తాతగారు ఎక్కడున్నారో నేను చూసొచ్చాను."