నూకాలత్త కాళ్ళు కడుక్కునే వేళ

వంటింట్లోంచి ఎండు నెత్తళ్ళ చేపలు వేగుతున్న వాసన వచ్చింది. ఆదివారం కదా, వంట నాదేనని పట్టుబట్టిన మా ఆయన కిటికీ తెరవడం మర్చిపోయి ఇల్లంతా పొగ చేశాడు. ముందు గదిలో గిటార్ ఒళ్ళో పెట్టుకుని శ్రుతి చేసుకుంటున్న నాకు ఉన్నట్టుండి కళ్ళు తడిశాయి. "పొగకా?" అని గరిటె పట్టుకునే వచ్చి అడిగాడు. పొగకే అన్నాను. ఆ వాసన తగిలితే చాలు, నా కళ్ళ ముందు మొదట రెండు పాదాలు కదులుతాయి, ఆ తరవాతే మనిషి. మడమలు పగిలి, వేళ్ళ సందుల్లో మట్టి పేరుకుని, మా గుమ్మానికి ఎదురుగా చాపి ఉన్న నూకాలత్త పాదాలు.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. ఆమదాలవలసలో రైల్వే స్టేషను వెనక ఎదురెదురుగా రెండు వరసల అద్దె గదులుండేవి. ఒక గదిలో మేము, మాకు సరిగ్గా ఎదురుగా ఆమె. మేము బాప్టిస్టు చర్చివాళ్ళం, నాన్న బియ్యం మిల్లులో ఫిట్టరు. ఆమె గంగమ్మకు మొక్కుకునే మనిషి, సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మేది. కూతురు మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే భర్త సూరయ్య వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, చేప పొలుసు గీకుతూ, చెయ్యి ఆపకుండా.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా చర్చిలో గిటార్ వాయించే అన్నయ్య ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. సంఘ పెద్ద ఆ పాత గిటార్ తెచ్చి నా చేతిలో పెట్టి నేర్చుకోమన్నాడు. రెండు వారాలు నా అంత ఉత్సాహవంతురాలు లేదు. మూడో వారానికి ఎడమచేతి వేళ్ళు బొబ్బలెక్కి, అన్నం ముద్ద తగిలినా చురుక్కుమనేవి. గిటార్ బీరువా పక్కకు చేరింది. నాలుగో రోజు సాయంత్రం నూకాలత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏటే గుంటా, ఆ పెట్టి సప్పుడు నేదు. ఒగ్గీసినావేటి?"

"వేళ్ళు బొబ్బలెక్కాయత్తా. ఇంక నా వల్ల కాదు."

తన అరచేతులు నా ముందు చాపింది. కత్తిపీట గాట్లు లేని వేలు ఒక్కటీ లేదు. "సూడు. కత్తిపీట కాడ కూకున్న కొత్తలో సేప రగతం కంటే నా రగతమే ఎక్కువ పోనాది. ఇప్పుడు కళ్ళు మూసుకుని కోసెత్తాను. రోజూ కూకుంటే సెయ్యే నేర్సుకుంటాది. నీకు మనసున్నాదా నేదా, దానికి పని నేదు."

నాకు ఒళ్ళు మండింది. చేపలమ్ముకునేదానికి గిటార్ గురించి ఏం తెలుసని మనసులో అనుకున్నాను, ఎందుకు దాచాలి? మర్నాడు ఆమె గంప దింపి తన గడప మీద కూర్చుంది. రోజూ లాగే అమ్మ చెంబుతో నీళ్ళు తీసుకెళ్తే తాకలేదు. "మీ గుంట వాయించినాకే కాళ్ళు కడుక్కుంటాను" అంది. అమ్మ నవ్వేసింది. నేను తలుపు దగ్గరగా వేసేశాను. గంట గడిచినా ఆ మనిషి అక్కడే ఉంది. పొద్దుటి నుంచీ ఎండలో తిరిగిన కాళ్ళ మీద ఈగలు ముసురుతున్నాయి. అమ్మ నా వైపు చూసిన చూపుకి లేచి గిటార్ తీశాను. ఏడుస్తూనే అరగంట వాయించాను. చివరి తీగ మోగగానే ఆమె లేచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత అయిదేళ్ళు అదే వరస. సాధన మానకుండా ఉండడానికి ఇప్పుడు ఫోనులో బోలెడు మంది బోలెడు ఉపాయాలు చెబుతుంటారు. వింటాను. కానీ నీ కోసం ఎదురుగుండా రెండు కాళ్ళు మట్టితో కాచుకుని ఉంటే ఉపాయాలతో పనేముంటుంది? జ్వరం వచ్చిన రోజున "ఒక్క తీగ కదుపే, సాలు" అనేది. సంగీతం ముక్క రాదు గానీ తప్పు మాత్రం ఇట్టే పట్టేసేది. "ఈ దినం మద్దిలో రెండుసార్లు తడబడినావు." ఇవి మా దేవుడి పాటలత్తా, నీకు పరవాలేదా అని ఒకసారి అడిగితే, "ఏ దేవుడిదైతే ఏటే, పాట పాటే కదా" అని కసిరింది.

నేను శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాక హాస్టల్లో ఉంటూ శనివారం వచ్చి సోమవారం వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజుల్లోనే అత్త గట్టిగట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. చెవి నరాలు పాడయ్యాయనీ, బాగుపడవనీ డాక్టరు చెప్పాడట. ఒక శనివారం నా పక్కన వచ్చి కూర్చుంది.

"నా సెవులు పోతన్నాయే గుంటా. పూర్తిగా పోకముందు మా ఆయన పాట ఆ పెట్టిలోంచి ఒక్కపాలి ఇనాల."

సూరయ్య వల బాగుచేసుకుంటూ కూనిరాగం తీసేవాడట. మాటలు లేవు. ఎవరూ నేర్పింది కాదు, అతని సొంతం. ఆమె కళ్ళు మూసుకుని పాడింది. మొదటి రెండు మెలికలూ సులువుగానే పట్టుకున్నాను. మూడోది మాత్రం కిందికి దిగుతూ దిగుతూ ఎక్కడో చటుక్కున తిరిగేది. చిటికెన వేలితో తీగ లాగితే గానీ పలకదు, నా చిటికెన వేలు మొండికేసింది. వచ్చే వారం సాధిస్తానన్నాను. వచ్చే వారం పరీక్షలు. ఆపై వారం స్నేహితురాలి పెళ్ళి. ఇంటికి వచ్చినప్పుడు కూడా వచ్చిన పాటలే వాయించి, ఆ మెలిక జోలికి వెళ్ళేదాన్ని కాదు. రాని దానితో కుస్తీ పట్టడం కంటే వచ్చిన దానితో ముచ్చటపడడం హాయి. అత్త ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. అత్త ఎక్కడికీ పోలేదు, చెవులే పోయాయి.

అలా రెండు నెలలు గడిచాక ఒక శనివారం వెళ్ళేసరికి ఆమెకు బొత్తిగా వినపడడం లేదు. అయినా గంప దింపి, గడప మీద కాళ్ళు చాపుకుని నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. సూరయ్య పాట ఎత్తుకున్నాను. రెండు మెలికలు సరిగ్గానే వచ్చాయి. మూడో చోట నా వేళ్ళకు ఏది తోస్తే అది వాయించేశాను. వినపడదు కదా.

"ఆఖరి మెలిక కూడా వచ్చినాదేటి?" అని గట్టిగా అడిగింది.

తల ఊపాను. వచ్చిందని.

అడ్డంగా ఊపి ఉంటే ఏమయ్యేది? చెవులు పోయాయి గానీ ఆమె గొంతు ఎక్కడికీ పోలేదు. రాలేదని తెలిస్తే వందసార్లయినా పాడేది. రెండు నెలలయినా రాలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది, అంతే. అంత చిన్న సిగ్గు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకేటి. నాను పోయినా ఆయన పాట ఉంటాది" అంది. నెమ్మదిగా లేచి కాళ్ళు కడుక్కుంది.

ఆ వానాకాలమే పోయింది. రెండు రోజుల జ్వరం. నేను వెళ్ళేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. పాదాలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. అన్నీ అయ్యాక, అత్తారింటి నుంచి వచ్చిన ఆమె కూతురిని పక్కకు పిలిచి, మీ నాన్న పాట నీకు గుర్తుందా అని అడిగాను.

"మా అయ్య మొకమే నాకు గుర్తు నేదమ్మా. పాటేటి గుర్తుంటాది?" అంది. మళ్ళీ తనే, "నీకు వచ్చంట కదా. ఊళ్ళో అందరికీ సెప్పుకునేది మా యమ్మ. ఒకపాలి వాయించవా?" అని అడిగింది.

గిటార్ తేలేదని చెప్పి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. ఆసుపత్రి నుంచి రాగానే చెప్పులు విడిచి, ఆ ధూళి కాళ్ళతోనే గిటార్ ముందు కూర్చుంటాను. రోజూ ఎలా కూర్చోగలుగుతావని చర్చిలో మెచ్చుకుంటారు. పట్టుదల అనుకుంటారు. నా చిటికెన వేలు ఇప్పుడు ఏ తీగనైనా లాగుతుంది. అరగంట సాధన అయ్యాక సూరయ్య పాట ఎత్తుకుంటాను. మొదటి మెలిక, రెండో మెలిక. మూడోది ఎక్కడ తిరిగేదో నాకు గుర్తు లేదు; ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను, అతనిది ఏదో చెప్పేవాళ్ళు లేరు. తోచింది వాయించడానికి ఇప్పుడు చెయ్యి రాదు. అక్కడే ఆపేస్తాను.

"రాలేదత్తా" అని పైకే అంటాను. లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటాను.