మగ్గం మీంచి చూసిన బాదల్‌పురా

అమ్మ జాకెట్టుకు అంచు కుట్టించడానికి మొన్న లాల్‌దర్వాజాలో ఒక దుకాణంలో కూర్చున్నాను. లోపలి గదిలో మగ్గం మీద బిగించిన పట్టుగుడ్డలోకి సూది దిగినప్పుడల్లా టప్, టప్ మని చప్పుడు వస్తోంది. గడపలో కూర్చున్న ఒక పాప చేతిలోని సెల్‌ఫోన్‌లోంచి పిల్లనగ్రోవి వినిపించింది. బాదల్‌పురా మొదలయ్యే ముందు వచ్చే పిల్లనగ్రోవి అది. ఈ రెండు చప్పుళ్లనూ కలిపి విని చాలా ఏళ్లయింది. విడివిడిగా విని ఉంటే ఏమీ అనిపించేది కాదేమో. రెండూ కలిసేసరికి నా నోరు దానంతట అదే తెరుచుకుని, "కోట తలుపు తెరిచిన్రు" అని పైకే అనేశాను. దుకాణం మనిషి "ఏందమ్మా?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

బాదల్‌పురా అనగానే మొఘల్‌పురా పక్కనుండే మరో పేట అనుకునేవాళ్లుంటారు. చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను, బస్సెక్కితే అక్కడ దింపుతారనుకున్నాను. అది ఆదివారం పొద్దున టీవీలో వచ్చే బొమ్మల కథ. ఏ దేశంలో గీశారో తెలియదు, మాటలు మాత్రం హిందీలో వచ్చేవి. మబ్బుల మీద ఒక కోట. అందులో రూహీ అనే పిల్ల, ఆ పిల్ల వెంట గుమ్‌సుమ్ అనే జంతువు. గుమ్‌సుమ్ రెక్కల్లో ఒకటి చిరిగిపోయి ఉంటుంది. అది మళ్లీ ఎగురుతుందా లేదా అన్నదే కథంతా. ఇప్పుడు చూస్తే లోపాలన్నీ కనిపిస్తాయి. వెనక ఒకే చెట్టు మళ్లీ మళ్లీ వచ్చిపోతుంది, రూహీ ఎంత పరిగెత్తినా జుట్టు ఊగదు. అయినా ఆ కథంటే నాకు ప్రాణం. దీని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోను.

లాల్‌దర్వాజాలోని మా ఇంట్లో అప్పుడు టీవీ లేదు. బాపు నయాపూల్ దగ్గర కోర్టులో అటెండరుగా పనిచేసేవాడు, టీవీ వస్తే పిల్లల చదువు చెడుతుందని ఆయన నమ్మకం. మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు హలీమా ఖాలాది, ఖాలా అంటే పిన్ని. పెళ్లి బట్టల మీద జరీ పని చేసేది. ముందుగదిలో సగం ఆమె మగ్గమే ఉండేది. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను బిగించి, దానికి ఒక పక్క ఖాలా, ఎదురుగా ఆమె ఆడబిడ్డ కూర్చునేవారు. ఖాలా కూతురు నస్రీన్, నేను ఒక ఈడువాళ్లం. ఆదివారం టీవీ ముందు మేమిద్దరం చేరేవాళ్లం.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కుట్టేవాళ్ల కళ్లు గుడ్డను వదలకూడదు, ఒక్క కుట్టు పక్కకు పోతే పువ్వంతా విప్పాలి. అందుకని టీవీ చూసే పిల్లలు తెర మీద ఏం కనిపిస్తుందో పైకి చెప్పాలి. పాత్రల మాటలు వాళ్ల చెవిన ఎలాగూ పడతాయి. మాటలు లేనిచోట మన నోరు ఆడాలి. ఊరికే కూర్చుని చూడటం ఆ ఇంట్లో మర్యాద కాదు. నస్రీన్‌కు ఇది పరమ చిరాకు. యుద్ధం వచ్చినా, పెళ్లి వచ్చినా "ఏదో ఐతుంది అమ్మీ" అని సరిపెట్టేది. దాంతో ఆ పని నా మీద పడింది.

మొదటిసారి నేను చాలా ఉత్సాహంగా, "రూహీ మస్తు బాధపడుతుంది ఖాలా" అన్నాను.

ఖాలా తల ఎత్తలేదు. "బాధపడుతుందని నీకెవరు చెప్పిన్రు?"

"మొఖం చూస్తె తెలుస్తలేదా!"

"మొఖం నువ్వు చూస్తున్నవ్, నేను చూస్తలేను గద బిడ్డా. ఆ మొఖంల ఏమైందో అది చెప్పు. బాధనో, కోపమో, కడుపునొప్పో నేను చూసుకుంట."

నాకు ఉక్రోషం వచ్చింది. చెప్పినందుకు మెచ్చుకోవాల్సింది పోయి వంకలు పెడుతోంది. కక్షతో కనిపించిందంతా ఒప్పజెప్పాను. "కింది పెదవి లోపటికి మడిచింది. కిటికి దిక్కు చూస్తుంది. చేతిల రొట్టె ఉంది, తింటలేదు."

"హౌ," అని ఒప్పుకుంది ఖాలా. "అమ్మ యాదికొచ్చింది పిల్లకు."

కాసేపటికి తెర మీద రూహీ సందూక పెట్టెలోంచి వాళ్లమ్మ దువ్వెన తీసింది. ఖాలాకు ముందే ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. కళ్లప్పగించి చూస్తున్న నాకే తెలియలేదు కదా! ఆ రోజు నుంచి నేను బాధ, సంతోషం అనే మాటలు ఆ గదిలో వాడలేదు.

గుమ్‌సుమ్ విషయంలో నా బాధ్యత ఇంకా ఎక్కువ. పేరుకు తగ్గట్టే అది కథలో ఎక్కడా నోరు మెదపదు. రూహీ గొంతు ఖాలా వినేది, కోట రాజు గొంతు వినేది. గుమ్‌సుమ్ ఆమెకు నా నోటి నుంచే అందాలి. చెవులు వెనక్కి వాల్చిందని, చిరిగిన రెక్కను గోడకేసి దాచుకుందని, పిట్టలు ఎగురుతుంటే నేల చూసిందని చెప్పేదాన్ని. ఖాలాకు దాని మీద ఎంత ఇష్టం కలిగిందంటే, ఆదివారం నేను గడప తొక్కగానే మొదటి మాట, "మన గూంగా ఎట్లున్నడో చూడు బిడ్డా" అనేది. గూంగా అంటే మూగవాడు.

ఒకసారి మాత్రం పెద్ద పొరపాటు బయటపడింది. మంటలు వస్తుంటే రూహీ గుమ్‌సుమ్ వీపు మీదికెక్కి వంతెన దాటిందని చెప్పాను. ఖాలా సూది ఆగింది.

"అంత పిల్ల మేకపిల్ల మీద ఎట్ల ఎక్కిందే?"

నస్రీన్ నేల మీద పడి నవ్వింది. అంత కాలంగా నేను దాని చెవులు చెప్పాను, తోక చెప్పాను, కంటి మీది మచ్చ చెప్పాను, అది ఎంత ఉంటుందో ఒక్కసారీ చెప్పలేదు. చూసేవాళ్లకు అది చెప్పాల్సిన సంగతే కాదు మరి. ఖాలా దాన్ని మేకపిల్ల అనుకుని, రూహీ చంకన ఎత్తుకుని తిరుగుతోందనుకుని మురిసిపోయింది. "ఒంటెంత ఉంటది ఖాలా. మన గల్లీల తిరగరాదు" అన్నాను. ఆమె మనసులో మేకపిల్ల పెరిగి ఒంటె అవడానికి కొంత సమయం పట్టింది. "అచ్ఛా. పెద్దోడైతే ఇంకా కష్టం పాపం, దాక్కోను జాగ ఉండది" అంది. నేను చూసిన గుమ్‌సుమ్ గురించి నాకెప్పుడూ ఆ ఆలోచన రాలేదు.

ఈ చెప్పే అలవాటు టీవీతో ఆగలేదు. మహంకాళి గుడి బోనాలు గల్లీ చివరి నుంచి వెళుతుంటే నేను గడపలో నిలబడి చెప్పేదాన్ని, ఖాలా మగ్గం మీంచే ఊరేగింపు చూసేది. బాపు కూడా ఒకసారి విని, "గీ పోరి వకీలైతది" అన్నాడు. వకీలును కాలేదు.

చివరి భాగం వచ్చే ఆదివారం మాత్రం తాను మగ్గం దిగుతానని ఖాలా ముందే చెప్పింది. గుమ్‌సుమ్ ఎగురుతుందో లేదో తన కళ్లతో చూస్తానంది. ఆ ఒక్కదానికీ ఎవరి నోరూ అక్కర్లేదంది. అన్నట్టే సూది గుడ్డకు గుచ్చి, మోకాళ్లు పట్టుకుంటూ లేచి వచ్చి మా మధ్య కూర్చుంది. పిల్లనగ్రోవి అయిపోయింది. కోట తలుపు తెరుచుకుంది. నేను ఊరుకున్నాను.

"చెప్పు బిడ్డా," అంది ఖాలా.

"నువ్వు చూస్తున్నవ్ గద ఖాలా!"

"ఏడ? తెల్లగ వెలుగుతుంది అంతే. దగ్గర గుడ్డ కానొస్తది, దూరందంత పొగ లెక్కుంది." ఏదో మామూలు మాట చెప్పినట్టే చెప్పింది. ఆడబిడ్డ చేతిలో సూది ఆగిపోయింది. నస్రీన్ నా వైపు చూసింది. ఖాలా తల ఎత్తి దూరం చూసే అవసరం ఎన్నేళ్లుగా రాలేదో, చూపు ఎప్పుడు తగ్గిందో ఆమెకే తెలియలేదు. నాకు భయమేసింది. ఖాలా మాత్రం నా మోకాలి మీద తట్టి, "కథ పోతుంది, చెప్పు" అంది.

చెప్పాను. కోట కూలుతుంటే గుమ్‌సుమ్ రూహీని వీపు మీద ఎక్కించుకుని బురుజు మీంచి దూకింది. ఎగరలేదు. ఉన్న ఒక్క రెక్కా చాపి, చుట్లు తిరుగుతూ, మెల్లగా పడింది. రూహీకి దెబ్బ తగల్లేదు. గుమ్‌సుమ్ గడ్డిలో పక్కకు ఒరిగి కదలకుండా ఉంది. రూహీ ఏడుస్తోంది, నస్రీన్ అంతకంటే గట్టిగా ఏడుస్తోంది. "సచ్చిపోయింది ఖాలా" అన్నాను నేనూ ఏడుస్తూ.

"సచ్చిపోయిందని నీకెవరు చెప్పిన్రు?" అదే గొంతు, అదే ప్రశ్న. "ఏడుపు తర్వాత. ఏం కానొస్తుంది?"

కళ్లు తుడుచుకుని చూశాను. "కండ్లు మూసుకుంది. రెక్క కింద పడిపోయింది. ముక్కు ముందట గడ్డిపోచ ఊగుతుంది."

"తక్కినయి?"

"తక్కినయి ఊగుతలేవు. అదొక్కటే."

"మరి ఊపిరి తీస్తుంది గద నా బిడ్డ," అంది ఖాలా. లేచి వెళ్లి మగ్గం ముందు కూర్చుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు దగ్గరి గుడ్డ కూడా పొగైంది. షుగరు కళ్లకు ఎక్కిందన్నారు. మగ్గం విప్పేశారు. నేను డిగ్రీలో ఉండగా ఒక కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కళ్లొస్తే మొదట ఎవరిని చూస్తావంటే, కూతురుండగా, గుమ్‌సుమ్‌ను అంది ఖాలా. నస్రీన్ అలిగింది కూడా. నా దగ్గర చిన్నప్పుడు బిస్కెట్ల పొట్లంలో వచ్చిన గుమ్‌సుమ్ బొమ్మ ఒకటి మిగిలి ఉంది. కట్టు విప్పే రోజు దాన్ని తీసుకుని వెళ్లాను.

డాక్టరు కట్టు విప్పాడు. టార్చి వేసి చూశాడు. వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. అప్పుడు ఖాలా నా వైపు మొహం తిప్పింది.

"సప్నా, డాక్టర్‌సాబ్ ఏం చేస్తున్నడు?"

నా పేరు స్వప్న. ఆమె నోట్లో ఎప్పుడూ సప్నాయే. నస్రీన్ నా చెయ్యి గట్టిగా నొక్కింది. నవ్వుతున్నాడని చెప్పమని ఆ నొక్కుడికి అర్థం. చెప్పాలని నాకూ ఉంది. గొంతులో ఆ మాట సిద్ధంగా కూడా ఉంది. కాని ఆ ఇంట్లో నేను నేర్చుకున్న పని ఒక్కటే.

"టార్చి జేబుల పెట్టుకున్నడు. కాయిదాలు తిప్పుతున్నడు. నీ దిక్కు చూస్తలేడు ఖాలా."

"అచ్ఛా," అంది.

డాక్టరు ఆ మాట విన్నాడు. కాగితాలు పక్కన పెట్టి, మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, చూపు ఇక రాదని ఆమెకే నేరుగా చెప్పాడు. ఆయన వెళ్లాక ఖాలా, "గూంగా బొమ్మ తెచ్చినవా?" అని అడిగింది. తెచ్చానన్నాను. "ఉంచుకో. నాది నాకున్నది" అంది. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను. నస్రీన్ వెనకే వచ్చి, "ఒక్క అబద్ధం చెప్తె నీ సొమ్మేం పోయేది?" అని నిలదీసి, చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమైనదే. ఖాలాను తర్వాత కలిసినప్పుడు నేనే ఆ మాట ఎత్తబోతే అడ్డుకుంది. "చాయ్‌ల చక్కెర బంద్ జేసిన్రు. అందరు మాటలల్ల పోస్తున్నరు. నువ్వన్న పొయ్యకు."

ఫలక్‌నుమాలో నస్రీన్ ఇంట్లోనే పోయింది ఖాలా. పోయేదాకా నేను వెళ్లినప్పుడల్లా గల్లీలో ఎవరు పోతున్నారో చెప్పించుకునేది.

నేనిప్పుడు చూపు లేనివాళ్ల కోసం సినిమాలకు, పిల్లల కథలకు మాటలు రాస్తాను. పాత్రలు మాట్లాడని చోట తెర మీద ఏముందో ఒక గొంతు చెబుతుంది, ఆ గొంతు చదివేది నేను రాసిందే. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే లాల్‌దర్వాజాలో అంటాను, జోక్ అనుకుంటారు. ఈ మధ్య బాదల్‌పురాను తెలుగులోకి తెచ్చారు, రాసే పని నాకే వచ్చింది. మొదటి భాగంలోనే, గుమ్‌సుమ్ కనిపించగానే, అది ఒంటెంత ఉంటుందని రాశాను. చివరి భాగం పంపిన మర్నాడు ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎండింగ్‌ల గడ్డిపోచ ఊగుతుందని రాసి వదిలేసిన్రు. బతికే ఉందని ఒక్క ముక్క వెయ్యిన్రి. లేకుంటె కండ్లు లేనోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"తెలుస్తుంది," అన్నాను.

"ఎట్ల మేడమ్?"

"మా ఖాలాకు తెలిసింది."