వంటింటి దాకా వచ్చే ఊరు

విశాఖ సముద్రపు గాలి మా ఆవిడ ఊపిరితిత్తులకు పడదని డాక్టరు తేల్చి చెప్పాక, పొడి గాలి ఉన్న ఊరు వెతికే పని నామీద పడింది. ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య గడిపి రిటైరైనవాణ్ణి, నలభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నవాణ్ణి. అందుకని ముందు పట్టిక గీశాను. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు తిరిగి ఆసుపత్రికీ, నీళ్ళకీ, నడవడానికున్న చోటుకీ మార్కులు వేశాను. పులివెందులలో రోడ్లు బాగున్నాయి. జమ్మలమడుగులో పెన్న వైపు నుంచి వచ్చే గాలి బాగుంది. ప్రొద్దుటూరులో ఊపిరితిత్తుల డాక్టరూ, పొద్దున్నే వేడివేడిగా దొరికే కారం దోసెలూ ఒకే వీధిలో ఉన్నాయి. అరమార్కు తేడాతో ప్రొద్దుటూరు గెలిచింది. ఆ అరమార్కు దేనిదో మా ఆవిడకు చెప్పలేదు.

ఆమె ఒక్క షరతు పెట్టింది. "మూడు నెలలు చూస్తాను. మనసు నిలవకపోతే ఆయాసంతోనైనా మన ఊళ్ళోనే ఉంటాను."

మా ఆవిడ ఊరికే మాట అనదు. వచ్చిన రెండు వారాలకే తడిబట్టల బకెట్టుతో మేడ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కింది. ఆ పూట డైరీలో ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను. ఇక ఆమె మనసు విరగకుండా చూసుకోవడమే మిగిలింది.

విరిచేస్తుందని నేను భయపడింది పక్కింటావిడ గురించి. ఆమె భర్త చాలా ఏళ్ళు కువైట్‌లో కుట్టుపని చేసి వచ్చి, ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకున్నాడు. మేము దిగిన రోజే ఆవిడ నేరుగా మా వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసింది.

"ఏందక్కా ఇది, పప్పా, నీళ్ళా? కారం యాడ?"

మర్నాడు, "శానా సన్నగుండావే, మీ ఆయన తిననీడా?" అంది. ఆ మర్నాడు బీరువా తెరిచి, చీరలన్నీ ఒకటే రంగని తీర్పు చెప్పింది. అన్నిటికీ మా ఆవిడ "అలాగా" అని నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసనుకున్నాను.

ఒక సాయంత్రం టైలరు దగ్గరికి వెళ్ళి, మా ఆవిడ సున్నితమైన మనిషి, కాస్త చూసి మాట్లాడమని వాళ్ళావిడకు చెప్పమన్నాను. మెడలో టేపు సర్దుకుంటూ అంతా విన్నాడు.

"అక్క నొచ్చుకుంటాందా? ముందే చెప్పకూడదాప్పా. నేను చెప్తా పో."

ఆ రోజు డైరీలో జరిగిందంతా రాసి, చివర 'సమస్య పరిష్కారమైంది' అని ముగించాను.

టైలరు ఇంట్లో ఒక్కరికే చెప్పలేదు. వీధంతా చెప్పాడు. మర్నాటి నుంచి పక్కింటావిడ గేటు దగ్గరే నిలబడి, "అమ్మా, బాగుండారా?" అని అడిగి వెళ్ళిపోతోంది. పూలమ్మే ఆమె బేరానికి కూడా నోరెత్తలేదు. నాకు ఊరు చాలా ప్రశాంతంగా తోచింది.

నాలుగో రోజు బీరువా మీది సూట్‌కేసు కిందికి దిగింది.

"ఏమండీ, బుధవారం రైలుకి టికెట్లు చూడండి."

"ఏమైంది?"

"ఏమో. అందరూ ఒక్కసారే పరాయివాళ్ళయిపోయారు. ఇవాళ ఏం వండి పక్కింటావిడ నోరు మూయించాలా అని పొద్దున్నే హుషారుగా లేచేదాన్ని. ఇప్పుడు చుట్టంలా గేటు బయట నిలబడి పోతోంది. నేనేం తప్పు చేశాను? మీకేమైనా తెలుసా?"

తెలియదన్నాను. నోటితో అబద్ధం ఆడగలను. కాగితం మీద మాత్రం చేత కాదు.

మర్నాడు నడకకు వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇంట్లో ఆమె లేదు. టేబులు మీద నా డైరీ లేదు, నా చదువుకునే కళ్ళద్దాలు లేవు. మూడూ టైలరు ఇంటి అరుగు మీద కనిపించాయి. చుట్టూ ఐదుగురు ఆడవాళ్ళు. మా ఆవిడ నా అద్దాలు పెట్టుకుని, నా డైరీ పైకి చదువుతోంది. 'సమస్య పరిష్కారమైంది' అన్న దగ్గర లేచిన నవ్వుకి వీధి చివర కుక్క కూడా తిరిగి చూసింది.

"ఏమప్పా," అంది పక్కింటావిడ, "అక్కకు నోరు లేదనుకుంటివా? వకీలు మాదిరి నువ్వెందుకు పోయినావు?"

నేను టైలరు వైపు చూశాను. అతను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాడు.

"నన్ను చూస్తే ఏం లాభం? పొద్దన్నుంచి నాకూ ఇదే వడ్డిస్తాండారు."

మరి బుధవారం టికెట్ల సంగతేమిటని మెల్లగా అడిగాను. మా ఆవిడ తల ఎత్తలేదు, పేజీ తిప్పింది.

"ముందు గ్యాసు కనెక్షను ఈ ఊరికి మార్పించండి. ఆ చిన్న సిలిండరుతో ఎన్నాళ్ళని వండను?"

నేను ఇంకా అక్కడే ఉండటం చూసి పక్కింటావిడ గొంతు పెంచింది.

"ఈడ నిలబడుకోని ఏం చేస్తాండావు? మధ్యాన్నమైతే ఆఫీసు మూస్తారు, పో."

వెళ్ళాను.