మాపటికి వచ్చే కోటు

మా వీధి లాండ్రీలో బట్టలు స్వీకరించే అక్కగారు ఇంటివద్ద పుట్టింటి యాసలోనూ, దుకాణంలో పుస్తకాల భాషలోనూ మాట్లాడేవారు. యాస దొర్లితే కౌంటరు నుండి తప్పిస్తానని యజమాని హెచ్చరించి ఉన్నారు. ఒకనాడు తొందరలో ఆమె ప్లీడరుగారితో, "మీ కోటు మాపటికి వస్తుందండి" అన్నారు. ఆమె పుట్టింటివారికి మాపు అనగా సాయంత్రం; ప్లీడరుగారికి మురికి.

ప్లీడరుగారు ఉలిక్కిపడ్డారు. "మాపు వస్తుందా? ఉన్న మాపు పోవాలనే కదమ్మా ఇచ్చాను!"

"రేపటినుంచి ఈవిడ వెనకగదిలో ఇస్త్రీకేనండి" అన్నారు యజమాని, ముఖం మాడ్చుకొని.

అక్కగారు తడబడలేదు. "మధ్యాహ్నానికి మాపు పోతుందండి, మాపటికి కోటు వస్తుందండి."

ప్లీడరుగారు పకపక నవ్వి, "ఇంత తేటగా వాదించే మనిషిని కదిపారో, నా బట్టలు ఇంకో కొట్టుకే!" అన్నారు.

అక్కగారు నేటికీ కౌంటరులోనే ఉన్నారు. రసీదు చింపి ఇస్తూ "మాపటికి రండి" అంటున్నది ఇప్పుడు యజమానిగారే.