ఆదివారం అమావాస్య పెళ్లి

మా అక్క కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టింది నేనే. పంచాంగం చూసే పెట్టాను. ఆదివారం, అమావాస్య, సాయంత్రం ఐదు గంటలు, అంటే నిండు రాహుకాలం. అంతకన్నా చెడ్డ ఘడియ ఆ నెలలో దొరకలేదు. మేనకోడలు సరేనంది. ఉక్కునగరంలో ఉంటూ స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే పెళ్లికొడుకు నవ్వి ఒప్పుకున్నాడు. పురోహితుడు లేడు. దండలు మార్చుకోవడం, సంతకాలు, నా ఉపన్యాసం, భోజనాలు, అంతే. ఉపన్యాసం పన్నెండు పేజీలు వచ్చింది. కాలానికి మంచీ చెడూ ఉండవని ముప్పై ఏళ్లుగా సభల్లో చెబుతున్నదంతా అందులో కుక్కాను.

గురువారం పొద్దున్న హైదరాబాదు బండి దిగి, సబ్బవరంలో అక్క ఇంటికి చేరేసరికి బావ వాకిట్లోనే పట్టుకున్నాడు.

“ఏటి బావా, నెల్లో ఇన్ని రోజులుంటే నీకు ఇదొక్కటే దొరికిందేటి? ఆదివారం అమావాస్సంటే మేకపిల్లని కూడా బేరమాడరు.”

“ఆ రోజు సూర్యుడు పొడవడం మానేస్తాడా బావా?”

“సూర్యుడి సంగతి తర్వాత. సముద్రంలో వాయుగుండం ఉందని టీవీలో సెప్తన్నారు. సూసావా మరి!”

అక్క మా మధ్యలోకి కాఫీ గ్లాసు తోసింది. “ఒరే తమ్ముడా, ముందు ఇది తాగు. మీ బావ నాలుగు రోజులుగా ఇదే గొడవ.”

బావ చెడ్డవాడు కాదు. ఒక్కగానొక్క కూతురు, అతని భయం అతనిది. కాని ఆ ‘సూసావా మరి’ నాకు ముల్లులా దిగింది. ఈ పెళ్లి ఆగిపోతే ఆ మాట బతికినన్నాళ్లూ వినాలి. అమావాస్యనాడు పెట్టాడు కాబట్టే తుపాను వచ్చిందంటారు చుట్టాలు. మా ఇంట్లో మరో ఆడపిల్ల ఇలా పెళ్లాడతానంటే ఈ కథే చెప్పి నోరు మూయిస్తారు. అందుకని శుక్రవారం ఆకాశం సీసం రంగుకు తిరిగినా, పేపర్లో ప్రమాద హెచ్చరిక పడినా, నేను మాత్రం అక్క వాకిట్లో పెళ్లి టెంటు వేసేవాళ్ల చేత అదనంగా ఇనప పైపులు పాతిస్తూ తిరిగాను. వాతావరణ కేంద్రం చెప్పింది చదివాను. చదివి, “ఒడిశా వైపు పోతుందిలే” అన్నాను. ఏ ఆధారంతో అన్నానో ఎవరూ అడగలేదు.

సాయంత్రం మేనకోడలు పోర్టు నుంచి వచ్చింది. అక్కడి ఆఫీసులోనే ఆమె ఉద్యోగం. హెల్మెట్ కూడా తియ్యకుండా నా ఎదురుగా నిలబడింది.

“మావయ్యా, పోర్టులో మూడో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేసేరు. రేపటికి ఇంకా పెద్ద నంబరే. ఓడల్ని బయటికి పంపించేత్తన్నారు. దీనికి అమావాస్స పోటు కూడా కలిసిందంటే నీళ్లు బీచ్ రోడ్డు మీదికొచ్చేత్తాయి. పెల్లి ఆపేద్దాం.”

అమావాస్యకు నిజంగా బలమంటూ ఉంటే అది సముద్రపు పోటులోనే ఉంది. ఆ ఒక్క సంగతీ నా పన్నెండు పేజీల్లో లేదు.

“ఆపితే మీ నాన్న ఏమంటాడో తెలుసా?”

“ఏటంతారు? రెండు రోజులు అంతారు, ఊరుకుంతారు. ఉక్కునగరం నుంచి రెండు బస్సుల జనం గాల్లో రావాల. ఆల్లకేటైనా అయితే నువ్వేటంతావు?”

“ఇంత దూరం వచ్చి వెనక్కి తగ్గితే…”

“నీకు అన్ని రోజులూ ఒకటే కదా మావయ్యా? మరి ఈ ఆదివారాన్నే పట్టుకుని ఏలాడతన్నావేటి? నాన్న మంచిరోజుని ఒదల్రు, నువ్వు సెడ్డరోజుని ఒదలవు.”

సభల్లో ఎందరితోనో వాదించాను. పండితులు వేసిన ప్రశ్నలకు తడుముకోలేదు. ఆ సాయంత్రం మాత్రం గోడకేసి చూశాను. గోడ మీద క్యాలెండరులో ఆదివారం గడిలో అమావాస్య నల్లచుక్క ఉంది. దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసింది కిందటిసారి వచ్చినప్పుడు నేనే.

“ఆపేద్దాం,” అన్నాను.

శనివారమంతా నలుగురం ఫోన్లు పట్టుకున్నాం. పెళ్లికొడుకు బస్సులు వద్దన్నాడు. వంటవాళ్లను రావద్దన్నాం. టెంటు బట్ట విప్పించాం. వంటల కోసం పెరట్లో వేయించిన రేకుల షెడ్డు మాత్రం విప్పే వ్యవధి దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నానికే కరెంటు పోయింది. తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. ఐదు దాటుతుండగా షెడ్డు రేకులు ఒక్కసారిగా పైకి లేచి, ఇనప దూలంతో సహా పొయ్యిల మీద కూలాయి. పెళ్లి జరుగుతూ ఉంటే ఆ పొయ్యిల మీద అప్పటికి సాంబారు మరుగుతూ ఉండేది.

కిటికీ సందులోంచి చూసి, వెంటనే బావ మొహం చూశాను. ఆ ‘సూసావా మరి’ ఇప్పుడే వస్తుంది అనుకున్నాను.

“వంటోల్లు అక్కడే ఉందురు బావా,” అన్నాడు మెల్లగా.

నా చెయ్యి పట్టుకున్నాడు. అక్క కిరసనాయిలు స్టవ్వు మీద ఉప్మా చేసి తెచ్చింది. “ఇదే పెల్లి బోజనం. తినండి.” మేనకోడలు పకపకా నవ్వింది. వాదంలో ఓడిపోయి అంత ఆకలిగా, అంత హాయిగా తిన్నది ఆ ఒక్క రోజే.

కరెంటు బుధవారానికి వచ్చింది. పెళ్లి గురువారం చేశాం. గురువారమే ఎందుకంటే పెళ్లికొడుక్కి ఆ రోజు ఆఫ్. నాలుగు గంటలకే ఎందుకంటే పొద్దుటి షిఫ్టు దిగిన అతని స్నేహితులు స్నానాలు చేసి రావాలి. ఇంతకన్నా అర్థమున్న ముహూర్తం నేను వినలేదు. అమావాస్య గురించి నా అభిప్రాయం ఆవగింజంత కూడా మారలేదు. ఉపన్యాసం మాత్రం ఒక పేజీకి దిగింది.

ఆ పొద్దున్న బావ పంచాంగం తీసి చూసి, మళ్లీ అలమరలో పెట్టడం నా కంట పడింది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాక అడగకుండా ఉండలేకపోయాను.

“ఇంతకీ ఇవాళ మంచిరోజేనా బావా?”

“నువ్వు అడక్కు, నాను సెప్పను,” అని నా విస్తట్లో ఇంకో బూరె పడేశాడు. “ముందు తిను.”