నా కోసం ప్రార్థిస్తుంటే నేను నిద్రపోయాను

ఈ రోజు మా అనకాపల్లి చర్చిలో, శుక్రవారం స్త్రీల ఉపవాస కూడికలో, సిగ్గుపడే పని చేశాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఒంటరిగా ఇంట్లో నాకు నిద్ర పట్టదు. గ్యాస్ కట్టేశానా, గొళ్ళెం పెట్టానా అని ఒకటే దిగులు. అందుకే నిద్ర కోసం ప్రార్థన చెయ్యమని అడిగాను. అందరూ మోకరించి నా గురించి ప్రార్థిస్తుంటే, నేను చాప మీదే నిద్రపోయాను! కళ్ళు తెరిచేసరికి అందరూ వెళ్ళిపోయారు. పాస్టరమ్మ ఒక్కర్తే నాకు విసురుతూ కూర్చుంది.

"నన్ను లేపలేదేటమ్మా?" అన్నాను.

"నిద్ర ఇమ్మని అడిగేం, దేవుడిచ్చేసేడు. మళ్ళీ మేం లేపేత్తామేటి మామ్మా?" అని నవ్వింది.

ఇంటికొచ్చి గొళ్ళెం మూడుసార్లు చూసుకున్నాను. దేవుడు నిద్ర ఇస్తాడు గానీ, పక్కన నలుగురి గొంతులుంటేనే ఇస్తాడేమో. ఒంటరిగా ఉండే అమ్మలూ, మీకు నిద్రెలా పడుతుందో కాస్త చెప్పండి.