కిటికీ వైపు తిరిగి నిలబడిన మాష్టారు

మా మాష్టారు పోయారని మొన్న పొద్దున పెరంబూరు నుంచి ఆయన తమ్ముడు కబురు పంపారు. నేను వెళ్లేసరికి వాకిట్లో చెప్పులు ఎక్కువ లేవు. మా కాలేజీ నుంచి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. తమ్ముడుగారు అది గమనించే ఉంటారు. "ఎండన పడి వచ్చినారు, ఈడ నీడన కూచోండి" అని మాత్రం అన్నారు.

మాష్టారు మాకు సమాజశాస్త్రం చెప్పేవారు. కుర్రవాళ్ల నేరాల గురించి మద్రాసులో ఎవరు రాసినా పోలీసు లెక్కలతోనే మొదలుపెట్టే రోజులవి. ఆయన ఒప్పుకునేవారు కారు. "అది పట్టుబడినోళ్ల లెక్క నాయనా. చేసినోళ్ల లెక్క కావాలంటే పిలకాయల్నే అడగాల" అనేవారు.

అలా అడగడానికే ఆయన వెంట నేను బళ్లకు తిరిగాను. కాగితంలో ప్రశ్నలుండేవి: దొంగతనం చేశావా, బడి ఎగ్గొట్టావా, డబ్బుకు పేకాడావా, ఎవరినైనా కొట్టావా. పేరు రాయకూడదు, గుర్తు పెట్టాలి, అంతే. సిరా రంగును బట్టి పిల్లవాడు దొరికిపోతాడని అందరికీ ఒకే రకం పెన్సిళ్లు తనే చెక్కి పంచేవారు. పంచాక కిటికీ దగ్గరికి పోయి, క్లాసుకు వీపు పెట్టి నిలబడేవారు. చివరి కాగితం డబ్బాలో పడేదాకా ఇటు తిరిగేవారు కారు. ఆ తరువాత కాగితాలన్నీ నేలమీద పోసి, పిల్లల ఎదుటే చేతులతో కలిపేసేవారు.

కూలినాలి జనముండే వాషర్‌మెన్‌పేట్ బడిలో ఒక కుర్రాడు అది చూసి, "సార్ పేకాటలో మంచి చెయ్యి మాదిరి ఉందే" అన్నాడు.

"పేకాట ప్రశ్న నీ కాయితంలోనే ఉండె గదరా. నువ్వేం రాసినావో నేనడిగినానా?"

క్లాసంతా నవ్వింది.

వీపు తిప్పడం ఎందుకని ఒకసారి అడిగాను. "తప్పు ఒప్పుకునేవాడి మొగం చూడకూడదు నాయనా. సిగ్గుపడేదానికి వాడికి కొంచెం చోటియ్యాల" అన్నారు.

కాగితాలు విప్పి చూస్తే, కలిగినవాళ్ల బడి పిల్లలూ వాషర్‌మెన్‌పేట్ పిల్లలూ ఒప్పుకున్న తప్పులు ఇంచుమించు ఒకటే. పోలీసు పుస్తకంలో మాత్రం రెండోవాళ్లే ఉన్నారు. బాలనేరస్థులను ఎక్కడ వెతకాలో, ఎవరి మీద కన్నేసి ఉంచాలో తేల్చడానికి ఊరి పెద్దలు ఒక సంఘంగా కూర్చున్నారు. జార్జి టౌన్‌లో ఒక మేడగదికి మాష్టారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఈ ఫలితాలను వాళ్ల ముందు పెట్టారు. అధ్యక్షుడు కాగితాలను వేలితో పక్కకు జరిపాడు.

"మంచి ఇళ్ల పిల్లలు గొప్పకోసం లేనివి రాసుంటారండీ. ఆ పేటవాళ్లు ఉన్నవి దాచుంటారు. ఇందులో తేలేదేముంది?"

మాష్టారు తన కాగితం తనే చదువుతున్నంత మెల్లగా చెప్పారు.

"నా చిన్నప్పుడు మా నాయన ఈ వీధిలోనే గుమాస్తా. నేనూ, బండి లాగే ఆయన కొడుకూ కలిసి ఏలకుల బస్తాకు చిల్లి పెట్టినాము. పొడిచిన పుల్ల నాది. పోలీసాయన ఇద్దర్నీ పట్టుకున్నాడు. నా చొక్కా చూసి, మా నాయన పేరడిగి, నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికాడ దిగబెట్టినాడు. వాణ్ని స్టేషనుకు తీసకపోయినాడు. ఆ పుస్తకంలో వాడి పేరుంది, నా పేరు లేదు. వాడు మళ్లా బడికి రాలేదు. ఈ లెక్క నేను గొప్పకోసం చెప్పడం లేదండీ."

పాయసంలో ఏలకులు ఏరి ఆకు పక్కన పెట్టుకునే ఆయన అలవాటును మేము చాన్నాళ్లు ఎగతాళి చేశాం. ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

సంఘం పోలీసు లెక్కలనే ఖాయం చేసింది. మా కాగితాలు కట్ట విప్పకుండానే తిరిగొచ్చాయి. మాష్టారు చెప్పిన మాట మాత్రం మాకంటే ముందే కాలేజీకి చేరింది. "మాష్టారొస్తున్నారు, పెన్నులు జాగ్రత్తబ్బా" అని వరండాలో ఆయన సహోద్యోగి ఒకడు అన్నాడు. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. మాష్టారు ఆగి, తన జేబులోని పెన్ను తీసి అతని చేతిలో పెట్టి, "ఇది గూడా నీ దగ్గరే పెట్టుకోబ్బా, నిబ్బరంగా ఉంటావు" అని వెళ్లిపోయారు. ఆ తరువాత ఆయనతో బళ్లకు రావడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను వెళ్లాను గాని, మునుపటి మాదిరి పక్కన నడవలేదు, ఒక అడుగు వెనక నడిచాను.

కొలతలో కచ్చితత్వం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈనాటికీ పెన్సిళ్లు నేనే చెక్కి పంచుతాను. పిల్లలు రాస్తున్నంతసేపూ కిటికీ దగ్గర నిలబడతాను. వెనక పెన్సిళ్ల గరగర వినిపించినప్పుడల్లా ఆ మేడగదే కళ్లముందుకు వస్తుంది. ఆయన తన తప్పు చెబుతున్నంతసేపూ మేమందరం ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాం. ఆ గదికీ ఒక కిటికీ ఉంది. కింద వీధిలో చేతిబండ్లు బస్తాలతో పోతున్నాయి. ఒక్కరం కూడా అటు తిరగలేదు.